బెత్తెడు కొసరు

కొండేపూడి వారి వస్త్ర, హస్తకళా భండారానికి ఇరవై రెండు కొట్లున్నాయి, నాలుగొందల మంది సిబ్బంది ఉన్నారు, ఆషాఢం తగ్గింపులప్పుడు ఊళ్లన్నీ తిరిగే మైకు ఆటోలున్నాయి. చరిత్ర మాత్రం లేదు. నలభై ఏళ్లుగా ఆ లోటు ఎవరికీ తెలియలేదు. ఎదుటి కంపెనీ వాళ్లు తమ గుమ్మం మీద ‘నూటపదేళ్ల వారసత్వం’ అని బంగారు రంగు బోర్డు కట్టేసరికి రాజమండ్రి హెడ్డాఫీసులో కలకలం పుట్టింది. ఆ కంపెనీ పెట్టి పదకొండేళ్లే అయిందని అందరికీ తెలుసు. అయినా బోర్డు బోర్డే కదా.

వారం తిరక్కుండా శాఖలన్నిటికీ సర్క్యులర్ వచ్చింది. ‘మన సంస్థకు చరిత్ర లేదన్న విషయము యాజమాన్యపు దృష్టికి వచ్చినది. ఈ లోపమును నలుబదవ వార్షిక మాణిక్యోత్సవము నాటికి సరిదిద్దవలసి యున్నది. ప్రతి శాఖయు తన వద్ద గల చరిత్రను ముప్పది దినములలోగా మూడు ప్రతులలో పంపవలెను.’

తుని శాఖ వాళ్లు, తమ దగ్గరున్న కాస్తా నిరుడు వానకి తడిసిపోయిందని రాశారు. భీమవరం మేనేజరు ‘సదరు సరుకు నిల్వ లేదు, పంపినచో అమ్మి పెట్టగలము’ అని జవాబిచ్చాడు. అమలాపురం వాళ్లు పాత కత్తెర ఒకటి పార్సిలు చేశారు. అది తుప్పు పట్టి తెరుచుకోలేదు.

మొట్టమొదటి కొట్టు పాలకొల్లులోది కాబట్టి, చరిత్రంటూ ఉంటే అక్కడే ఉండాలని పెద్దలు తేల్చారు. చరిత్ర సంగతేమో గానీ అక్కడ సత్యవేణి ఉంది. కొట్టు తెరిచిన రోజున పదిహేడేళ్ల పిల్లగా జాకెట్టు ముక్కల కౌంటరులో చేరి, యాభై ఏడు వచ్చినా ఆ కౌంటరు వదల్లేదు. పాలకొల్లు చుట్టుపక్కల ఆడవాళ్లు ఈ నలభై ఏళ్లలో తొడిగిన జాకెట్లలో సగం ఆవిడ చేతిలో చిరిగినవే. అంటే మరోలా అనుకోకండి. నూలు గుడ్డకి కత్తెరతో ఇంత గాటు పెట్టి, రెండు చేతులా పట్టుకుని పర్రున చింపుతారు. దారం వెంటే చిరుగుతుంది గనక గుడ్డ వంకర పోదు.

ఆ గాటు ఎక్కడ పెట్టాలన్నదే అసలు విద్య. మీటరు బద్ద చివర సత్యవేణి తన ఎడమచెయ్యి అడ్డంగా ఆనిస్తుంది. చూపుడువేలు నుంచి చిటికెనవేలు దాకా నాలుగు వేళ్లు, బెత్తెడు. ఆ బెత్తెడు దాటాక గాటు పెడుతుంది. అదీ కొసరు. మీటరు గుడ్డ తడిపితే కాస్త లాగేస్తుంది, కుట్టేటప్పుడు చేతుల దగ్గర చాలకుండా వస్తుంది. ఆ బెత్తెడు కలిస్తే జాకెట్టు చేతులు మోచేతి దాకా నిలుస్తాయి, కుట్టినమ్మ మాట నిలుస్తుంది.

సంస్థాపకులు పాపయ్య శెట్టి గారికి ఈ కొసరు గిట్టేది కాదు. ఆయనది ఉదార స్వభావమే గానీ దాన్ని పాడవకుండా దాచుకున్నారు. గల్లా దగ్గర కూర్చుని రోజుకి పదిసార్లు అరిచేవారు. “ఏవమ్మాయ్, ఆ చెయ్యి తియ్యి! అది పెట్టింది గుడ్డ మీద కాదే, నా గుండెల మీద!”

“రేపట్నుంచి తీసేస్తానండి,” అనేది సత్యవేణి, గాటు పెడుతూనే. ఇద్దరూ ఈ మాట ఇరవయ్యేళ్లు చెప్పుకున్నారు. ఆ తరవాత శెట్టి గారు పోయారు. సత్యవేణి కొట్టు మూసిన మూడు రోజులూ ఏడ్చి, నాలుగో రోజున వచ్చి మళ్లీ బెత్తెడు కొసరే ఇచ్చింది.

చరిత్ర నిర్మాణానికి హైదరాబాదు నుంచి డాక్టర్ విశ్వంభర్ గారు దిగారు. విజిటింగు కార్డు మీద ‘వారసత్వ దార్శనికుడు’ అని ఉంది. శాఖ మేనేజరు తోలేటి కామేశం ఆ కార్డుని రెండు చేతులా అందుకుని, ఏం చెయ్యాలో తోచక కళ్లకద్దుకున్నాడు.

“చరిత్ర అనేది జరిగేది కాదు, కామేశం గారూ. అది ఆవిష్కరింపబడేది,” అన్నారు డాక్టరు గారు. “ఈ ప్రాంగణంలో సంస్థాపకుల స్పర్శ ఎక్కడ నిక్షిప్తమై ఉంది?”

“గల్లా పెట్టి దగ్గరండి. అక్కడే ఎక్కువ తాకేవారండి.”

డాక్టరు గారికి అది రుచించలేదు. కొనుగోలుదారుల్ని విచారించారు. దర్జీ నూకరత్నం అప్పుడే పది జాకెట్ల గుడ్డ చింపించుకుంటోంది. ఈ కొట్టుకే ఎందుకొస్తారమ్మా అని అడిగితే ఆవిడ ఆశ్చర్యపోయింది. “ఎందుకేంటండి బాబూ, కొసరిత్తారని! ఇంకెక్కడికెల్లినా ఇంచీ ఇవ్వరండి.”

ఆయన ‘కొసరు’ అని రాసుకుని కింద రెండు గీతలు గీశారు. ఆ సాయంత్రమే గల్లా వెనక గోడమీదున్న లక్ష్మీదేవి పటం ప్రదర్శన కోసమని దింపించారు. పటం వెనక, నలభై ఏళ్లుగా ఏ సున్నమూ తగలని చదరంలో, పసుపు చెయ్యి ముద్ర కనిపించింది. అయిదు వేళ్లూ స్పష్టంగా ఉన్నాయి. చిటికెనవేలు చివర కొంచెం బయటికి వంగి ఉంది.

డాక్టరు గారు చెప్పులు విడిచారు. “సంస్థాపకుల హస్తం!” అన్నారు, రెండు చేతులూ జోడించి.

సత్యవేణికి నవ్వాగలేదు. కొట్టు తెరిచిన రోజున, కొత్త చోట ఆడపిల్ల చెయ్యి పడితే మంచిదని వాళ్లమ్మ చెబితే, పసుపు ముద్ద చేసి, కంగారులో ఎడమచేత్తో గోడకి కొట్టింది తనే. కొత్త సున్నం పాడుచేశావని శెట్టి గారు కేకలేసి, అప్పటికప్పుడు మేకు కొట్టించి దానిమీద పటం తగిలించేశారు. ఆవిడ కామేశాన్ని గుడ్డ తానుల వెనక్కి పిలిచింది. “ఆ చెయ్యి నాదండి మేనేజరు గారూ. ఈ వంకర చూడండి, చిన్నప్పుడు తలుపు సందులో పడి నలిగిందండి.”

కామేశం వంకర చూశాడు, గోడ చూశాడు, ఫోన్లో హెడ్డాఫీసుతో మాట్లాడుతున్న డాక్టరు గారిని చూశాడు. “ఆ ముక్క నాతో అన్నారు సరే, ఇంకెక్కడా అనకండమ్మా. మా ఇద్దరు పిల్లలకీ ఇంకా ఫీజులు కట్టాలి.”

రెండు నెలల్లో చరిత్ర అచ్చయి వచ్చింది. రెండొందల పేజీలు, అట్టమీద పసుపు చెయ్యి. మూడో ప్రకరణమంతా చిటికెనవేలు గురించే. పాపయ్య శెట్టి గారు యవ్వనంలో బట్టల మూట ఒక్క వేలికి తగిలించుకుని గోదావరి లంకలన్నీ తిరిగారట, ఆ బరువుకే వేలు వంగిందట. శెట్టి గారు సైకిలు రిక్షా దిగి నడిచింది ఎవరూ చూడలేదు గనక ఈ సంగతి కాదనడానికి సాక్షులు దొరకలేదు.

పుస్తకంతో పాటు శాఖకొకటి చొప్పున ఇరవై రెండు ఇత్తడి చేతులు వచ్చాయి. గోడమీది ముద్రని కొలిచి పోతపోయించినవి. పేరు ‘ఆద్యహస్తం’. వాటి వెంట సర్క్యులర్: ‘ఇకమీదట కొసరు అనునది సంస్థాపకుల బెత్తకు సమానముగా ఉండవలెను. అయితే లోహముతో కొలిచినది కొలతయే గాని కొసరు కానేరదు. కావున సిబ్బంది తమ చేతితోనే ఇవ్వవలెను. ఆ చేయి మాత్రము ఆద్యహస్తమునకు సరిపోవలెను.’

అలా వేళ్ల పరీక్షలు మొదలయ్యాయి. నెలకోసారి షట్టరు ఎత్తగానే అందరూ వరసగా నిలబడి ఇత్తడి చెయ్యి మీద చెయ్యి ఆనించాలి. రెండు మిల్లీమీటర్లు ఎక్కువున్న వాళ్లని ‘విస్తృతహస్తులు’ అన్నారు, తక్కువున్న వాళ్లని ‘సంకుచితహస్తులు’ అన్నారు. విస్తృతహస్తులకి మంచునీళ్లూ, సంకుచితహస్తులకి రబ్బరు తొడుగులూ మంజూరయ్యాయి. తునిలో ఒక బక్కాయన పరీక్ష ముందు రోజల్లా ఉప్పుచేప తిని వేళ్లు ఉబ్బించుకుని గట్టెక్కాడు. ఆ కిటుకు తెలిసి శాఖ మొత్తం ఉప్పుచేప తినడంతో, ఆ వారం పట్టుచీరల సెక్షనుకి ఎవరూ రాలేదు. చిటికెనవేలు వంపు కోసం మూడు రోజుల శిక్షణ శిబిరం పెట్టారు. పుట్టుకతో వంకరున్న వాళ్లకి శిబిరం నుంచి మినహాయింపు.

ఇంతలో ఆడిటరు ఒక ధర్మసందేహం లేవదీశాడు. కొసరు మీటరులోనే కలిసి ఉంటే అది కొసరో, కొలవడంలో పొరపాటో ఎలా తెలుస్తుంది? హెడ్డాఫీసు రెండు రోజులు తల పట్టుకుని మరో సర్క్యులర్ ఇచ్చింది. ‘పారదర్శకత దృష్ట్యా, మీటరు గుడ్డను మీటరు వద్దనే చింపవలెను. కొసరును విడిగా చింపి, కవరులో పెట్టి, ధ్రువపత్రముతో అందజేయవలెను.’

నెల తిరక్కుండా నూకరత్నం కౌంటరు మీద సంచీ బోర్లించింది. నలభై కవర్లు. ఒక్కోదాంట్లో బెత్తెడు వెడల్పు గుడ్డ పేలిక, దానితో పాటు సంతకాలున్న కాయితం.

“ఏం జేసుకోమంటావక్కా వీటిని? వొత్తులు జేసుకోమంటావా? మీటర్లో చేతులు రాటం లేదు. నిన్న కరణం గారి కోడలు జాకెట్టు నా మొహాన కొట్టింది. చేతులు భుజం మీదే ఆగిపోయాయని!” నూకరత్నం కళ్లు తుడుచుకుంది. “ముప్పయ్యేళ్లయింది మిషను తొక్కబట్టి. ఒక్కరు మాటనలేదక్కా నన్ను.”

సత్యవేణి అటూ ఇటూ చూసింది. పల్చటి వాయిలు నూలు తాను లాగి, మీటరు బద్ద చివర తన చెయ్యి పెట్టి, బెత్తెడు దాటాక గాటు పెట్టి పర్రున చింపింది. కొసరు మీటరుతోనే ఉంది. కామేశం ఆ సమయానికి ఎటో చూస్తున్నాడు. అతను అలా ఎటో చూడడం అలవాటు చేసుకున్నాడు గనక పాలకొల్లు జాకెట్లకి మళ్లీ చేతులొచ్చాయి.

కానీ పరీక్షని ఎటో చూసి దాటించలేం. మొదటిసారి ఆవిడ చెయ్యి ఆద్యహస్తం కన్నా ఆరు మిల్లీమీటర్లు ఎక్కువొచ్చింది. మంచునీళ్లలో ముంచాక కూడా ఆరే. రెండోసారీ ఆరే. నలభై ఏళ్లు గుడ్డ పట్టి చింపిన వేళ్లు, కణుపులు లావెక్కవా మరి? మూడోసారి తప్పితే కౌంటరు తీసేసి రాజమండ్రి గోడౌనుకి పంపుతామని నోటీసు వచ్చింది. గోడౌనులో తానులుంటాయి, ఎలుకలుంటాయి, మనుషులుండరు. రిటైరవ్వడానికి ఇంకా పది నెలలుంది. ఆ పది నెలలూ ఒక్క ముక్క చింపకుండా, ‘అక్కా, చేతులొస్తాయా?’ అని అడిగేవాళ్లు లేకుండా ఎలా గడపాలో సత్యవేణికి తెలియలేదు.

మూడో పరీక్షకి డాక్టరు విశ్వంభర్ గారే స్వయంగా వచ్చారు. పసుపు ముద్రకి ఇప్పుడు అద్దం బిగించి, ముందు దీపం పెట్టారు. సత్యవేణి ఇత్తడి చెయ్యి మీద చెయ్యి ఆనించింది.

“ఆరు,” అన్నారు డాక్టరు గారు, విచారంగా. “సంస్థాపకుల ఆదర్శానికి మీరు ఆరు మిల్లీమీటర్ల దూరంలో ఉన్నారు, సత్యవేణి గారూ.”

“వెడల్పు సంగతి సరేనండి, వంకర చూడండి,” అంది ఆవిడ.

చూశారు. ఇత్తడి చిటికెనవేలు ఎక్కడ వంగిందో ఆవిడదీ అక్కడే వంగింది, అంతే వంగింది. నాలుగొందల మందిలో శిబిరాలకి వెళ్లొచ్చినా ఒక్కరికీ కుదరని వంపు అది.

“ఆ గోడమీద చెయ్యి నాదేనండి. పదిహేడేళ్లప్పటిది. నా చెయ్యికి నా చెయ్యే చాలట్లేదని నన్ను గోడౌనుకి పంపుతున్నారు మీరు. ఏం న్యాయమండి ఇది?” ఆవిడ అక్కడితో ఆగలేదు. “కొసరిచ్చింది కూడా నేనే. శెట్టి గారు, పాపం, పోయేదాకా ఆ చెయ్యి తియ్యమనే అన్నారండి.”

డాక్టరు గారు ఫ్యాను కిందికి జరిగి నుదురు తుడుచుకున్నారు. అక్కణ్నుంచే హెడ్డాఫీసుకి ఫోను చేసి, స్పీకరు పెట్టి, రెండు గంటలు చర్చించారు. ముద్ర ఆవిడది కాదనడానికి వంకర ఒప్పుకోలేదు. శెట్టి గారిది కాదనడానికి అచ్చయిన అయిదు వేల పుస్తకాలూ, ఇరవై రెండు ఇత్తడి చేతులూ ఒప్పుకోలేదు. చివరికి డాక్టరు గారికే దారి తట్టింది.

“అయ్యా, ఈ రెండు సత్యాల మధ్య వైరుధ్యం లేదు,” అన్నారు. “హస్తం సంస్థాపకులదే. నలభై ఏళ్లుగా సంరక్షణార్థం ఈవిడ వద్ద ఉంచబడింది.”

“మరి ఆరు మిల్లీమీటర్లు?” అని అడిగింది ఫోను.

“నిల్వలో వచ్చిన ఉబ్బండి.”

ఆ మర్నాడే మెమో వచ్చింది. ‘సంస్థకు చెందిన హస్తమును నలుబది సంవత్సరములుగా వంట, బట్టలుతుకుట మొదలగు సొంత పనులకు అనుమతి లేక వినియోగించినందుకు సంజాయిషీ ఇవ్వవలెను.’ సత్యవేణి దాన్ని రెండుసార్లు చదివి, ఇక మీదట తలదువ్వుకోవడానికి దరఖాస్తు ఎవరికి పెట్టుకోవాలని కామేశాన్ని అడిగింది. జవాబు రాకముందే మెమో వెనక్కి తీసుకున్నారు. ఎందుకంటే ఈలోగా సత్యవేణి పేరు సిబ్బంది జాబితాలోంచి కొట్టేసి, స్థిరాస్తుల రిజిస్టరులో ఎక్కించారు. క్రమసంఖ్య నలభై ఒకటి: ‘ఆద్యహస్తము (సజీవము) – ఒకటి. మనిషితో సహా.’ నలభయ్యోది జనరేటరు.

కొట్టు మధ్యలో ముఖమల్ కుర్చీ వేసి, చుట్టూ ఎర్ర తాడు కట్టారు. పట్టుచీర కట్టుకుని, ఎడమచెయ్యి మెత్త మీద ఆనించి ఆవిడ అందులో కూర్చోవాలి. ‘తాకరాదు’ అని బోర్డు. గుడ్డ ముట్టుకోకూడదు, కత్తెర అసలే ముట్టుకోకూడదు, అరుగుదల వస్తుంది. జీతం ఆగిపోయి అదే మొత్తం ‘నిర్వహణ ఖర్చు’ పేరుతో రాసాగింది. జనం వచ్చి సెల్ఫీలు తీసుకున్నారు. కొందరు చేతికి దణ్ణం పెట్టారు. జాకెట్టు ముక్కల కౌంటరులో భీమవరం నుంచి వచ్చిన ఒక ప్రామాణికహస్తుడు నిలబడి కవర్లు అంటిస్తున్నాడు. గోడౌను తప్పిందని సంతోషించాలో, గోడౌనే తన దగ్గరికొచ్చిందని ఏడవాలో సత్యవేణికి తెలియలేదు. చెయ్యి ఊరికే పెట్టుకుని కూర్చోవడం ఇంత కష్టమని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు.

పన్నెండో రోజున నూకరత్నం వచ్చింది. తాడు అవతల నిలబడి, దేవుడితో మాట్లాడినట్టు మెల్లగా చెప్పింది. “రేపటినించీ మిషను మూసేత్తున్నానక్కా. ఇదొక్క జాకెట్టు, మాటిచ్చేశాను. మనిషి కాస్త ఒళ్లున్నావిడ. మీటర్లో రాదు. వొత్తాను.”

సత్యవేణి లేచింది. ఎర్ర తాడు ఎత్తి కిందనుంచి దూరింది. ప్రామాణికహస్తుడి చేతిలోంచి కత్తెర తీసుకుంది. బద్ద చివర చెయ్యి పెట్టింది, బెత్తెడు దాటింది, గాటు పెట్టింది, పర్రున చింపి మడిచి నూకరత్నం చేతిలో పెట్టింది. మళ్లీ తాడు కింద దూరి వెళ్లి కుర్చీలో కూర్చుంది.

కుర్చీకి కాపలాగా పెట్టిన సీసీ కెమేరా చూసింది గనక మెమో తప్పలేదు. కానీ ఎవరికివ్వాలి? ఆస్తి పేరున మెమో ఇచ్చే విధానం లేదు. రాజమండ్రిలో మూడు సెక్షన్లు తిరిగి, చివరికది ఆస్తి సంరక్షకుడైన కామేశానికి చేరింది. ‘క్రమసంఖ్య నలుబది ఒకటి తనంతట తాను స్థానభ్రంశము చెందుటకు కారణమేమి?’

కామేశం ఒక పూట ఆలోచించాడు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి అతనికి ధైర్యం లాంటిదేదో వచ్చింది. ‘గాలికి కదిలినది’ అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేశాడు.

హెడ్డాఫీసు దాన్ని క్షుణ్ణంగా పరిశీలించింది. ‘జవాబు సంతృప్తికరము. ఇకమీదట ఇట్టి సందర్భములలో ఫ్యాను నడుచుచున్నట్లు రిజిస్టరులో నమోదు చేయవలెను.’

అప్పట్నుంచి పాలకొల్లు శాఖలో పద్ధతి స్థిరపడింది. దర్జీలొచ్చి వరసలో నిలబడతారు. కామేశం స్విచ్చి వేసి, రిజిస్టరులో టైము రాస్తాడు. గాలి వీస్తుంది, ఆస్తి కదులుతుంది, గుడ్డ చిరుగుతుంది. కరెంటు పోతే నలభయ్యో ఆస్తి నలభై ఒకటో ఆస్తికి సాయపడుతుంది. పది నెలలూ గడిచిపోయాయి. సత్యవేణికి రిటైర్మెంటు కాయితం రాలేదు. ఆస్తులకి అరుగుదలే గానీ పదవీ విరమణ ఉండదట.

ఏడాది తిరిగాక ఆస్తుల తనిఖీకి డాక్టరు విశ్వంభర్ గారు వచ్చారు. చెయ్యి కొలిచారు. ఏడు మిల్లీమీటర్లు. ‘వారసత్వము వృద్ధి చెందుచున్నది’ అని రాసుకున్నారు. తరవాత అటూ ఇటూ చూసి, తాడు దగ్గరికి వంగి, గొంతు తగ్గించారు. “మా ఆవిడకి మీటరు వాయిలు కావాలండి, నెమలికంఠం రంగు. ఆ కవర్లో ముక్క వద్దండి. హైదరాబాదులో దర్జీ చేతులు రావంటున్నాడు.”

“నాదేముందండి,” అంది సత్యవేణి, చెయ్యి మెత్త మీంచి తియ్యకుండా. “గాలి వెయ్యాలి కదండీ.”

డాక్టరు గారు నిటారుగా నిలబడ్డారు. చరిత్రనంతా ఒకసారి మనసులో తిరగేసుకున్నట్టున్నారు. కామేశం వైపు తిరిగి, నెమ్మదిగా చెప్పారు.

“ఆ ఫ్యాను వెయ్యండి.”